గుర్రాన్ని బలిస్తే లాభమా, నష్టమా? కాయితం మీద మిషిన్‌ను ఆడించిన ట్యూరింగ్ కత

ఫోన్ల చెస్ ఆడేటోళ్లకు ఈ ముచ్చట ఎరుకే ఉంటది. ఆట అయిపోయినంక అనాలిసిస్ నొక్కితె బోర్డు పక్కపొంటి ఒక తెల్ల నల్ల పట్టీ కనవడ్తది. ఎవరు ముందట ఉన్నరో అది చెప్తది. మీరు గుర్రాన్నో ఏనుగునో తెలిసే ఎదుటోనికి ఇడిసిపెట్టిన్రు అనుకోండి. దాన్నే చెస్ల బలి అంటరు. ఒక్కోసారి ఆ పట్టీ ముందుగాల దభేల్మని కిందికి పడ్తది. మీరు తప్పు జేసిన్రు అన్నట్టే ఉంటది. రెండు మూడు సెకండ్లు ఆగితె మెల్లమెల్లగ లేస్తది. ఇంకొంచెం ఆగితె మీరే గెలుస్తున్నరని ఒప్పుకుంటది.

ఆ రెండు మూడు సెకండ్లల్ల మిషిన్ ఏం జేసింది? ముందుగాల నష్టం అన్నది, తర్వాత లాభం అని ఎట్ల మాట మార్చింది? ఈ ప్రశ్న మీద కంప్యూటర్లు పుట్టకముందే కూసున్న మనిషి ఒకడున్నడు. పేరు ఆలన్ ట్యూరింగ్. చెస్ ఆడుడు ఆయనకు అంత మంచిగ రాకపోతుండె. కని మిషిన్‌కు చెస్ నేర్పుడు ఎట్లనో మాత్రం అందరికన్న ముందు ఆలోచించినోళ్లల్ల ఆయన ఒకడు.

ట్యూరింగ్ ఇంగ్లండోడు. 1912 జూన్ 23న లండన్ల పుట్టిండు. అయితే ఆయన ఇంటి కతల మన తెలుగు ఊర్లు మస్తు వస్తయి. తండ్రి జూలియస్ మద్రాస్ ప్రెసిడెన్సీల ఐసీఎస్ అధికారి. నిజాం ఇలాకల ఉన్న మన జిల్లాలు కాదు గని, అటు దిక్కు పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం, కర్నూలు, ఇట్ల ఊరి మీద ఊరు తిరిగి నౌకరి జేసిండు. ఆఖరికి గంజాం జిల్లా ఛత్రపూర్ చేరిండు. ఆలన్ తల్లి కడుపుల పడ్డది అక్కడనే. తల్లి ఎతెల్ పుట్టింది గూడ మద్రాస్ ప్రెసిడెన్సీలనే, పోదనూర్ల. ఆమె నాయిన ఎడ్వర్డ్ స్టోనీ మద్రాస్ రైల్వేల చీఫ్ ఇంజినీర్. కాన్పుకు ఇంగ్లండ్ పోయిన్రు. తర్వాత అమ్మానాయినలు మళ్ల ఇటు వచ్చిన్రు. పిల్లలను మాత్రం సముద్రం ఒడ్డు ఊర్ల, రిటైరైన ఒక మిలిటరాయన ఇంట్ల పెట్టిన్రు. గల్ఫుకు పోయినోళ్ల పిల్లలు అమ్మమ్మ తాన పెరిగినట్టు పెరిగిండన్నట్టు. ఈయనకైతె అమ్మమ్మ గూడ లేదు, పరాయోళ్ల ఇల్లు.

బడిల చదువు అంత గొప్పగ ఏం లేకుండె. లెక్కలు, సైన్స్ తప్ప వేరే పట్టింపు లేదు. 1926ల షెర్బోర్న్ బడిల చేరేటప్పుడు దేశమంత సమ్మె, రైళ్లు బంద్. 13 ఏండ్ల పోరడు సౌతాంప్టన్ రేవుల దిగి, సైకిల్ మీద 60 మైళ్లు తొక్కుకుంట రెండు రోజులల్ల బడికి పోయిండు. ఆ బడిలనే క్రిస్టఫర్ మార్కం అని ఒక దోస్తు దొరికిండు. ఇద్దరికి సైన్స్ అంటె ప్రాణం. ఆ పిల్లగాడు 1930 ఫిబ్రవరిల టీబీతోని సచ్చిపోయిండు. ట్యూరింగ్ ఆ దుఃఖం నుంచి చాన ఏండ్లు బయటపడలే. మనిషి మనసు, మెదడు, పానం, వీటికి ఒకదానితోని ఒకదానికి ఏం సంబంధం అన్న ఆలోచన అప్పటి సందే పట్టుకున్నదని ఆయన జీవితం రాసినోళ్లు అంటరు.

కేంబ్రిడ్జ్‌ల చదివిండు. 1936ల ఒక పేపర్ రాసిండు. లెక్క చేసుడు అంటె ఏంది అన్నదే దాంట్ల ప్రశ్న. ఒక పొడుగాటి టేపు, దాని మీద గుర్తులు, ఒకసారి ఒక గడి మాత్రమే చూసే ఒక మిషిన్. గా చిన్న పనులతోనే ఏ లెక్కైనా చెయ్యొచ్చని చూపించిండు, ఏ మిషిన్ చెయ్యలేని లెక్కలు గూడ ఉంటయని చూపించిండు. ఇయ్యాల మన చేతుల ఉన్న ఫోన్ ఆ ఊహల నుంచి వచ్చిందే. అటెన్క అమెరికాల ప్రిన్స్‌టన్ పోయి డాక్టరేట్ చేసి 1938ల తిరిగొచ్చిండు.

1939 సెప్టెంబర్ల యుద్ధం మొదలైన తెల్లారే బ్లెచ్లీ పార్క్‌ల పనికి ఎక్కిండు. జర్మనీ ఫౌజు ఎనిగ్మా అనే మిషిన్‌తోని రహస్య సందేశాలు పంపేది. వాటిని ఇప్పుడు పని అది. పోలండ్ లెక్కల మాస్టర్లు అంతకుముందే దాన్ని ఇప్పి దారి చూపిన్రు, ఆ మాట చెప్పకపోతె వాళ్లకు అన్యాయం. ట్యూరింగ్ ఆ దారిని పెద్దగ జేసిండు. బాంబ్ అనే మిషిన్ గీసిండు. జర్మన్ నేవీ సందేశాల పనంత ఆయన చేతుల మీద నడిచింది.

ఇక్కడనే చెస్ వచ్చి చేరింది. బ్లెచ్లీల హ్యూ అలెగ్జాండర్, స్టువర్ట్ మిల్నర్ బ్యారీ, హ్యారీ గోలంబెక్ అని ముగ్గురు ఇంగ్లండ్ చెస్ మాస్టర్లు పనిజేసేది. యుద్ధం మొదలైనప్పుడు ఈ ముగ్గురు అర్జెంటీనాల ఒలింపియాడ్ ఆడుతున్నరు, నడుమల ఇడిసిపెట్టి వచ్చిన్రు. 1941 అక్టోబర్ల పని మనుషులు సాలుతలేరని ప్రధాని చర్చిల్‌కే నేరుగ చిట్టీ రాసిన్రు. సంతకాలు పెట్టిన నలుగురిల ట్యూరింగ్ ఒకడు, ఇద్దరు చెస్ మాస్టర్లు. చర్చిల్ ఎంటనే పని జెయ్యమన్నడు.

ట్యూరింగ్ మరి ఎట్ల ఆడేది? గోలంబెక్‌తోని కూసుంటె ఓడుడు ఖాయం. ట్యూరింగ్ ఇగ నాతోని కాదని చేతులెత్తితె, గోలంబెక్ బోర్డును అటుదిటు తిప్పి, ట్యూరింగ్ ఓడిపోయిన దిక్కు తాను కూసోని అక్కడికెల్లి గెలిచేటోడట. ఈ ముచ్చట నవ్వులాటకు చెప్పుకునేదే గని, దాంట్ల అసలు సంగతి ఉన్నది. ఏ పొజిషన్‌ను ట్యూరింగ్ ఓటమి అని లెక్క గట్టిండో, అది ఓటమి కాదు. పావులు అవే, గళ్లు అవే. లెక్క గట్టిన మనిషి వేరు, గంతే.

మనిషి జర విచిత్రం. సైకిల్ చైన్ ఇన్ని చుట్లకు ఒకసారి ఊడుతదని లెక్కపెట్టుకోని, ఊడే ముందట ఆగి సరిజేసుకునేటోడు. పూల పుప్పొడి పడదని గ్యాస్ మాస్క్ పెట్టుకోని సైకిల్ తొక్కేటోడు. చాయ్ కప్పును ఎవ్వలు తీస్కపోకుండ గొలుసేసి కట్టిపెట్టేటోడు. యుద్ధంల పైసకు విలువ పోతదని రెండు ఎండి కడ్డీలు కొని అడివిల బొందవెట్టిండు. తర్వాత ఎంత దేవులాడినా అవి మళ్ల దొరకలే.

బ్లెచ్లీల జాక్ గుడ్, డొనాల్డ్ మిషీ అని పడుసు పోరగాళ్లు ఆయనకు దోస్తులైన్రు. మిషీ గూడ ట్యూరింగ్ లెక్కనే అంతంత మాత్రం ఆటగాడు, అందుకే ఇద్దరికి జోడి కుదిరింది. శుక్రారం పొద్దుమూకినంక దగ్గరి టౌన్ల ఒక పబ్బుల కూసోని ఆడేది. ఆటకన్న ముచ్చటే ఎక్కువ. మిషిన్‌కు చెస్ నేర్పాలంటె ఏం చెప్పాలె? నేను ఈ ఎత్తు ఏస్తె, వాడు నాకు అన్నిటికన్న నష్టమయ్యే జవాబే ఇస్తడు అనుకోవాలె. ఆ జవాబు తర్వాత నాకు మిగిలేది ఎంతనో చూడాలె. అట్ల అన్ని ఎత్తులు చూసి, మిగిలేది ఎక్కువున్న ఎత్తు ఏసుకోవాలె. చెప్తె గింతే. కని ఈడనే మెలిక ఉన్నది: ఎన్ని ఎత్తులు ముందుకు చూడాలె? యాడ ఆగాలె?

ఒక పొజిషన్ల సుమారు 30 ఎత్తులు ఉంటయి. నాది ఒకటి, వానిది ఒకటి చూస్తె 900. ఇంకో జత చూస్తె 8 లక్షలు దాటుతది. ఇంకో జతకు 70 కోట్లు దాటుతది. యాడనో ఒక తాన ఆగక తప్పదు. ఆగిన తాన పావులు లెక్కపెట్టి మార్కులు ఎయ్యాలె.

ఇప్పుడు ఇట్ల చూడుండ్రి. నా గుర్రం ఎదుటోని బంటును కొట్టింది, నేను అక్కడనే ఆగి లెక్కపెట్టిన. నాకు ఒక బంటు లాభం! మస్తు సంబురం. కని ఆ బంటు ఎనుక ఇంకో బంటు కాపలున్నది. అది నా గుర్రాన్ని కొడ్తది. ఒక్క ఎత్తు ముందు ఆగినందుకు నష్టం కాస్త లాభమై కూసున్నది. కొట్లాట నడుమల ఆగి ఎవడు గెలిచిండో చెప్పుడు ఇది. వడ్ల నారు పోసిన దినం లెక్క గడితె ప్రతి రైతు నష్టంలనే ఉంటడు. కోసినంక గట్టాలె లెక్క.

యుద్ధం అయిపోయినంక 1948ల ట్యూరింగ్, దోస్తు డేవిడ్ ఛాంపర్నౌన్ కలిసి ఆ రూల్స్ అన్ని కాయితం మీద పెట్టిన్రు. ఇద్దరి పేర్లు కలిపి ట్యూరోచాంప్ అని పేరు పెట్టిన్రు. ఆ ప్రోగ్రాము నడిపే మిషిన్ అప్పటికి లోకంల లేదు. కాయితమే మిషిన్, మనిషే కరెంటు. ఛాంపర్నౌన్ భార్య అప్పుడప్పుడే చెస్ నేర్చుకుంటున్నది, ఆమె మీద ట్యూరోచాంప్ గెలిచింది. ఆ ఇద్దరు దోస్తులు ఇంకో ఆట గూడ ఆడేటోళ్లు: ఎత్తు ఏసి ఇంటి సుట్టు ఉరికి రావాలె, ఎదుటోడు ఎత్తు ఏసేలోపట తిరిగొస్తె ఇంకో ఎత్తు నీదే. దాంట్ల ట్యూరింగ్‌కు ఢోకా లేదు. ఆయన 1947ల మారథాన్ 2 గంటల 46 నిమిషాలల్ల ఉరికినోడు.

ట్యూరింగ్ పెట్టిన రేట్లు ఇవి: బంటుకు 1, గుర్రానికి 3, ఒంటెకు మూడున్నర, ఏనుగుకు 5, మంత్రికి 10. మంత్రి అంటె ఫోన్ల క్వీన్. యాడ ఆగాలె అన్నదానికి ఆయన ఇచ్చిన జవాబే ఈ కత అంతటికి కీలకం. నాది ఒక ఎత్తు, వానిది ఒక ఎత్తు, రెండిటికి అన్ని రకాలు చూడాలె. అటెన్క ఊకె ఆగొద్దు. కొట్టుడు ఉన్నంతసేపు ముందుకు పోవాలె: కాపలా లేని పావును కొట్టుడు, చిన్న పావుతోని పెద్ద పావును కొట్టుడు, కొట్టినోన్ని తిరిగి కొట్టుడు, లేకుంటె మాట్ అయ్యుడు. ఇట్లాంటి ఎత్తులు ఒక్కటి గూడ మిగలని తాన, అంటె బోర్డు సల్లబడ్డ తాన, ఆగి లెక్కపెట్టాలె. ఇయ్యాల చానమటుకు చెస్ ఇంజిన్లల్ల ఈ పద్ధతి ఏదో ఒక రూపంల ఉన్నది. సల్లబడ్డ పొజిషన్లనే మార్కులు ఎయ్యాలన్నది ఆనాటి ముచ్చటనే.

ఇగ బలి సంగతికి వద్దాం. ఈ రూల్స్ ఉన్న మిషిన్ బలి ఇస్తదా? ఒక రకం ఇస్తది. మంత్రిని ఇచ్చి, ఎంటనే గుర్రంతోని తిరిగి మంత్రిని గుంజుకునేది ఉంటె, అది కొట్టుడు వరసల కనవడ్తది. అది బలి కానే కాదు, చేబదులు. రుడాల్ఫ్ స్పీల్‌మన్ అని ఆస్ట్రియా ఆటగాడు బలుల మీదనే ఒక పుస్తకం రాసిండు. ఆయన గూడ బలులను రెండు కుప్పలు పెట్టిండు: తిరిగొచ్చే లెక్క ముందే తెలిసిన ఉత్తుత్తి బలి, తిరిగొస్తదో లేదో తెలువకుండ ఇచ్చే నిజం బలి.

నిజం బలి దగ్గర ట్యూరింగ్ మిషిన్ మొత్తానికే గుడ్డిది. ఒంటెతోని రాజు ముందటి ఆఖరి బంటును కొట్టే బలి మీల చానమందికి వచ్చే ఉంటది. ఒంటె హెచ్7 మీద పడి చెక్ అంటది. రాజు దాన్ని కొడ్తడు. గుర్రం జీ5కి దుంకి మళ్ల చెక్. రాజు ఎనుకకు జరుగుతడు. అప్పుడు మంత్రి హెచ్5కు వస్తది. అది కొట్టుడు కాదు, చెక్ గూడ కాదు. నిమ్మళంగ వచ్చి నిలబడ్తది, కని తర్వాతి ఎత్తుల మాట్ ఉన్నది. ఇప్పుడు ట్యూరింగ్ రూల్స్ పెట్టుండ్రి. నా ఎత్తు ఒంటె కొట్టుడు, వాని ఎత్తు రాజు కొట్టుడు, రెండు అయిపోయినయి. తర్వాత గుర్రం చెక్ కొట్టుడు కాదు కాబట్టి లెక్కల రాదు. బోర్డు సల్లబడ్డదనుకోని మిషిన్ ఆగుతది. మూడున్నర పోయింది, ఒకటి వచ్చింది, రెండున్నర నష్టం. ఎత్తు రద్దు. ఆట గెలిచేది ఆ మూడో ఎత్తుల ఉన్నది, ఆ మూడో ఎత్తు దాక మిషిన్ పోనే పోదు.

ఇంకో అడ్డం గూడ ఉన్నది. పావులు ఎంత తిరుగుతున్నయి, రాజు ఎంత భద్రం, బంటు ఎంత ముందుకు పోయింది, వీటికి సుత ట్యూరింగ్ మార్కులు పెట్టిండు. కని అవి పావుల లెక్క సమానమైనప్పుడే చూడాలె. ముందు పైస, తర్వాతనే మిగిలినయి. అట్లాంటి మిషిన్ మంచి జాగ కోసం ఒక్క బంటును గూడ ఇడిసిపెట్టదు. ఇది తప్పు అని ఆయనకు తెలువక కాదు. అన్ని లెక్కలు చేత్తోని గట్టాలె గదా, ఎంత పెట్టగలిగితె అంతే పెట్టిండు.

అప్పటికే మాంచెస్టర్ యూనివర్సిటీకి పోయిండు. అక్కడ ఫెరాంటీ కంపెనీ చేసిన కంప్యూటర్ 1951ల వచ్చింది. ట్యూరోచాంప్‌ను దాంట్ల ఎక్కియ్యాలని మొదలుపెట్టిండు, పూర్తి కాలే. అదే మిషిన్ మీద ఫెరాంటీ మనిషి డీట్రిచ్ ప్రింజ్ 1951 నవంబర్ల వేరే పని జేసి చూపించిండు. రెండు ఎత్తులల్ల మాట్ చేసే లెక్కలు ఉంటయి గదా, పేపర్ల పజిల్ లెక్క, వాటిని మిషిన్ ఇప్పింది. పావుగంట పట్టింది. నాకైతె ఈ ప్రోగ్రామే మస్తు సంబురమనిపిస్తది, ఎందుకంటె దాంట్ల పావులకు రేటే లేదు. మంత్రిని ఇచ్చినా, బంటును జరిపినా దానికి ఒక్కటే. మాట్ అయితదా, కాదా, అదొక్కటే సవాలు. అందుకే ఎంత పెద్ద బలి అయినా దానికి భయం లేదు. రేటు కట్టుడు ఉన్నకాడనే భయం ఉంటది. కాకపోతె రెండు ఎత్తులు దాటి చూడలేదు, అది దాని గతి.

1952ల అలిక్ గ్లెనీ అనే ప్రోగ్రామర్ ట్యూరోచాంప్‌తోని ఆడిండు. ఆయన గూడ మామూలు ఆటగాడే. మిషిన్ తరఫున ట్యూరింగ్ కాయితాలు ముందట ఏసుకోని కూసున్నడు. ఒక్కొక్క ఎత్తుకు అరగంట దాక పట్టింది. 29వ ఎత్తుల మిషిన్ మంత్రి పోయి ఒక బంటును తిన్నది. గ్లెనీ ఏనుగును ఎదురుగ తెచ్చి నిలబెట్టిండు. ఆట ఒడిసింది. ఒక్క బంటుకు ఆశపడి ఇరుక్కున్నదన్నట్టు. ఈ ఆటను ట్యూరింగ్ దాచిపెట్టలే. 1953ల వచ్చిన ఒక పుస్తకంల చెస్ మిషిన్ మీద అధ్యాయం రాసి, రూల్స్‌తోని పాటు తన మిషిన్ ఓడిన ఆటను ఎత్తు ఎత్తుకు అచ్చేయించిండు, తప్పులు యాడున్నయో తనే రాసిండు. అంతకు మూడేండ్ల ముందు, 1950ల, అమెరికాల క్లాడ్ షానన్ గూడ మిషిన్ చెస్ మీద పేపర్ అచ్చేసిండు. యుద్ధంల 1943ల ఈ ఇద్దరు న్యూయార్క్‌ల రోజు చాయ్ దగ్గర కలిసేది, మిషిన్లు ఆలోచిస్తయా అన్న ముచ్చట పెట్టేది. రహస్య పనుల గురించి మాత్రం ఒకనికొకడు చెప్పుకోవద్దు.

అదే 1952ల ఇంకో సంగతి జరిగింది. ట్యూరింగ్ ఇంట్ల దొంగలు పడ్డరు. పోలీసులకు ఫిర్యాదు జేసిండు. విచారణల ఆయనకు ఇంకో మొగోనితోని సంబంధం ఉన్నదని బయటపడ్డది. ట్యూరింగ్ దాపరికం లేకుండ ఒప్పుకున్నడు, దాంట్ల సిగ్గుపడేది ఏమున్నదని అనుకునే మనిషి. దొంగతనం కేసు పక్కకు పోయింది, ఫిర్యాదు చేసినోడే ముద్దాయి అయిండు. 1885 నాటి చట్టం కింద 1952 మార్చి 31న శిక్ష పడ్డది. జైలుకు పోతవా, లేకుంటె ఒక ఏడాది ఆడోళ్ల హార్మోన్ మందు తీసుకుంటవా అన్నరు. మందు ఒప్పుకున్నడు. ఒళ్లు మారింది, రొమ్ములు పెరిగినయి. ప్రభుత్వ రహస్య పనులకు రావద్దన్నరు. యుద్ధంల ఆయన చేసిన పని గురించి కోర్టుల చెప్పుకునే వీలు లేదు, అదంత రహస్యం. జడ్జి ముందట నిలబడ్డది ఒక మాంచెస్టర్ యూనివర్సిటీ రీడర్ మాత్రమే.

ఇది పరాయి దేశం కత అనుకోవద్దు. గా తెల్లోళ్లే 1860ల మన శిక్షాస్మృతిల 377 సెక్షన్ పెట్టిపోయిన్రు. ట్యూరింగ్ తండ్రి మన జిల్లాలల్ల మేజిస్ట్రేటుగ కూసున్నప్పుడు ఆయన టేబుల్ మీద ఉన్నది ఆ శిక్షాస్మృతే. 2018 సెప్టెంబర్ 6 దాక, సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చేదాక, ఇద్దరు పెద్దమనుషులు ఇష్టపడి ఉంటె గూడ అది ఈ దేశంల నేరమే. ఊర్లల్ల ఇప్పటికి ఎంతమంది పిల్లలు ఈ మాట ఇంట్ల చెప్పలేక నోరు మూసుకొని ఉన్నరో మనకు తెలువంది కాదు. చట్టం పోయింది, ఎక్కిరింపు పోలే. ట్యూరింగ్ పేరు చెప్పి కంప్యూటర్ పాఠం చెప్పే మాస్టర్లు ఈ భాగం వచ్చేసరికి పేజీ తిప్పేస్తరు. ఆ పేజీ తిప్పొద్దని నా మాట.

1954 జూన్ 8న పనామె వచ్చి చూస్తె మంచంల సచ్చిపోయి ఉన్నడు. సైనైడ్. పక్కన సగం కొరికిన ఆపిల్ పండు. ముందు రోజే పానం పోయిందన్నరు. విచారణల ఆత్మహత్య అని తేల్చిన్రు. తల్లి మాత్రం ప్రయోగాలు జేస్తూ పొరపాటున మింగిండని ఆఖరి దాక నమ్మింది. 41 ఏండ్లు. 2009ల బ్రిటన్ ప్రధాని క్షమాపణ చెప్పిండు, 2013ల రాణి క్షమాభిక్ష ఇచ్చింది, 2021ల 50 పౌండ్ల నోటు మీద బొమ్మ ఏసిన్రు.

ఆయన ఇడిసిపెట్టిన సవాలు మాత్రం ఆగలే. తర్వాతి ప్రోగ్రాములు రెండు దారులు పట్టినయి. ఒకటి, ఇంకా లోతుకు చూసుడు. పనికిరాని కొమ్మలు కొట్టేసి ఉన్న టైంల దూరం పోవుడు. ఎదుటోని ఒక్క జవాబుతోనే నా ఎత్తు చెడిపోయిందని తేలితె, మిగిలిన జవాబులు చూసుడు దండుగ. కని బలికి ఈడనే గండం ఉన్నది. ఇంజిన్లు మంచిగ కనవడే ఎత్తులను ముందుగాల, పావు పోయే ఎత్తులను ఆఖరుకు చూస్తయి. ఆఖరి ఎత్తులను పైపైననే, తక్కువ లోతుల చూస్తయి. మీ బలి ఆ ఆఖరి కుప్పల ఉంటది. పైపైన చూసినప్పుడు గూడ ఏదో తేడా కొడ్తుంది అనిపిస్తె మాత్రం మళ్ల పూర్తి లోతుల చూస్తయి. మొదట్ల చెప్పిన పట్టీ కింద పడి లేసుడు చానసార్లు ఇదే.

1997 మే 11న ఐబీఎం డీప్ బ్లూ ఆఖరి ఆటల 8వ ఎత్తుకే గుర్రాన్ని బలిచ్చింది. కాస్పరోవ్ 19 ఎత్తులల్ల చేతులెత్తిండు. లోకమంత మిషిన్‌కు బలి ఇచ్చుడు వచ్చిందన్నది. నిజానికి ఆ ఎత్తు అది లెక్కగట్టి ఏసింది కాదు, మనుషులు ముందే దాని ఓపెనింగ్ పుస్తకంల రాసి పెట్టింది. సెకండుకు 20 కోట్ల పొజిషన్లు చూసే మిషిన్, ఆ ఎత్తును బట్టీ కొట్టినట్టు ఏసింది.

రెండో దారి రేట్లను తీసేసుడు. 2017ల లండన్ కంపెనీ డీప్‌మైండ్ చేసిన ఆల్ఫాజీరోకు గుర్రం 3, ఏనుగు 5 అని ఎవ్వలు చెప్పలే. రూల్స్ ఇచ్చి తనతోని తనే ఆడుకోమన్నరు. అది పావులు లెక్కపెట్టదు, ఇక్కడికెల్లి గెలిచే అవకాశం ఎంత అని చూస్తది. అందుకే ఎదుటోని పావులు కదలకుండ చేసేతందుకు బంట్లను, పెద్ద పావులను గూడ ఊరికే ఇచ్చేసి, పది ఇరవై ఎత్తులు నిమ్మళంగ కూసుండేది. 2020 సంది స్టాక్‌ఫిష్ గూడ మార్కులు ఏసేతందుకు న్యూరల్ నెట్‌వర్క్ పెట్టుకున్నది. మన వరంగల్ పిల్లగాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్ల 2800 రేటింగ్ దాటిండు. ఆ తరం పిల్లలు పుట్టిందే ఈ ఇంజిన్ల నడుమ.

2012ల ట్యూరింగ్ పుట్టి వందేండ్లయిందని మాంచెస్టర్ల సభ పెట్టిన్రు. ఆయన అచ్చేసిన రూల్స్‌ను ఒక ప్రోగ్రామర్ అసలు కంప్యూటర్ల ఎక్కిచ్చిండు. అరగంట పట్టిన ఎత్తు కన్ను మూసి తెరిచేలోపట వస్తది. ఎదురుగ కూసున్నది కాస్పరోవ్. 16 ఎత్తులల్ల ఒడగొట్టిండు. ఆ పని చేసేటప్పుడే ఒక సంగతి బయటపడ్డది. గ్లెనీతోని ఆడిన ఆటను కంప్యూటర్‌తోని సరిచూస్తె అన్ని ఎత్తులు కలుస్తలెవ్వు. రూల్స్ ప్రకారం మొదటి ఎత్తుకు రాజు ముందటి బంటు ఒక్క గడే జరగాలె. 1952ల ట్యూరింగ్ దాన్ని రెండు గళ్లు జరిపిండు.